వరంగల్ నుంచి తిరుపతికి: విమానమా, రైలా, సొంత కారా?

హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో గంటా పది నిమిషాలు. ఫోన్‌లో ఆ అంకె చూడగానే మన హనుమకొండలో చాలామందికి రైలు మీద మనసు విరిగిపోతుంది. కానీ ఆ గంటా పది నిమిషాలు శంషాబాద్‌లో విమానం లేచిన దగ్గర్నుంచి రేణిగుంటలో దిగేదాకానే. సుబేదారిలోనో కాశిబుగ్గలోనో ఇంటికి తాళం వేసిన నిమిషం నుంచి కొండ మీద క్యూ లైన్లో నిలబడే నిమిషం దాకా లెక్కేస్తే సంగతి వేరేగా ఉంటుంది.

ముందు మ్యాపు చూడండి. వరంగల్, తిరుపతి దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. మనకు సూటిగా దక్షిణాన, పక్షి ఎగిరే దూరంలో సుమారు 480 కిలోమీటర్లు. శంషాబాద్ మాత్రం మనకు పడమర దిక్కున, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా దాదాపు 170 కిలోమీటర్లు. అక్కడి నుంచి తిరుపతి ఆకాశమార్గంలో ఇంకా 420 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే మూడు గంటలు ప్రయాణం చేసి శంషాబాద్ చేరినా తిరుపతికి మనం దగ్గరయ్యేది ఓ 60 కిలోమీటర్లే. హైదరాబాద్ వాళ్లకు విమానం లాభమైనంత మాత్రాన మనకూ లాభమే అనుకోకూడదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇక రైలు దారి 600 కిలోమీటర్లకు కాస్త తక్కువ. రోడ్డు అయితే ఎంచుకున్న దారిని బట్టి 600 నుంచి 650.

విమానం: అసలు ఎన్ని గంటలు?

పొద్దున 10 గంటల ప్రాంతంలో విమానం అనుకుందాం. హనుమకొండలో 5 గంటలకల్లా బయల్దేరాలి. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే 8 గంటలకు అటూ ఇటూగా శంషాబాద్. ఔటర్ ఎక్కకుండా ఊళ్లోంచి పోదామని మాత్రం అనుకోకండి. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగిన దారి అది, పొద్దుటి పూట అక్కడ అరగంట ఎప్పుడు కరిగిపోతుందో తెలియదు. దేశీయ విమానాలకు బ్యాగులు ఇచ్చే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. సెక్యూరిటీ, బోర్డింగ్ అన్నీ కలిపి రెండు గంటలు ముందుంటేనే టెన్షన్ ఉండదు.

11:15కు రేణిగుంటలో దిగుతారు. బ్యాగులు వచ్చి, టాక్సీ ఎక్కి, తిరుపతి ఊరు చేరేసరికి 12. అక్కడి నుంచి కొండ మీదికి ఇంకో గంట. అలిపిరి దగ్గర తనిఖీ లైను పెద్దదైతే మరో పావుగంటో అరగంటో. మొత్తం మీద ఎనిమిది గంటల పైమాటే. ఆ ఎనిమిది గంటలూ మెలకువగానే ఉంటారు. తెల్లవారుజామున 3:30కు లేచారు కాబట్టి ముందు రాత్రి నిద్ర కూడా సగమే.

ఖర్చు లెక్కలో అందరూ మరిచేది శంషాబాద్ దాకా పోయే ఖర్చు. టికెట్ మూడు వేలకు దొరికిందని సంబరపడతాం. నలుగురున్న ఇంటికి హనుమకొండ నుంచి శంషాబాద్‌కు రానూపోనూ 340 కిలోమీటర్ల టాక్సీ, లేదంటే సొంత బండి పెట్రోలు, టోళ్లు, రెండు మూడు రోజుల పార్కింగ్, ఆపైన రేణిగుంట నుంచి కొండకు టాక్సీ. ఒంటరిగా పోయేవాళ్లయితే బస్సులో ఉప్పల్ దిగి అక్కణ్నుంచి విమానాశ్రయానికి పుష్పక్ బస్సు ఎక్కొచ్చు, చవకే. అయితే దానికి ఇంకో గంట కలుపుకోవాలి. మెట్రో ఉప్పల్‌లో ఉంది కదా అంటారేమో, అది శంషాబాద్ దాకా పోదు.

మరి విమానం ఎవరికి? ఎలాగూ పని మీద హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు, లేదా కొడుకో కూతురో నగరంలో ఉంటే ముందు రోజు రాత్రి వాళ్లింట్లో పడుకొని పోగలిగినవాళ్లకు. అలాంటి వాళ్లకు లెక్క పూర్తిగా మారిపోతుంది, అప్పుడు విమానమే ఎక్కండి. సెలవు ఒక్క రోజే దొరికినవాళ్లకు, రైల్లో వెయిటింగ్ లిస్టు కదలని పండగ రోజుల్లో కూడా అదే దిక్కు. చేతి బ్యాగు 7 కిలోలు, లోపల వేసే లగేజీ 15 కిలోలు దాటితే అదనపు డబ్బు అడుగుతారు. వచ్చేటప్పుడు లడ్డూల సంచి బరువు కూడా అందులోనే.

మన వరంగల్ పక్కనే ఉన్న మామునూరు సంగతి చాలామంది అడుగుతారు. నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం అది. 1981 దాకా నడిచింది. శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైనప్పుడు దాని చుట్టూ, పక్షి ఎగిరే లెక్కలో, 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం అడ్డుపడింది. 2025లో ఆ అడ్డు తొలగి కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ విమానాలు ఎగిరి, అందులో తిరుపతికి నేరుగా ఒకటి ఉంటే ఈ వ్యాసంలో సగం కొట్టేయొచ్చు. అప్పటిదాకా మన విమానాశ్రయం 170 కిలోమీటర్ల అవతలే.

రైలు: పడుకునే గంటలు లెక్కలోకి రావు

రాత్రి రైలు ఎక్కితే వరంగల్ నుంచి తిరుపతికి పది, పదకొండు గంటలు. అంకె చూస్తే విమానం కంటే ఎక్కువే. కానీ అందులో ఏడు గంటలు నిద్రే. ఇంట్లో అన్నం తిని, స్టేషన్‌కు ఆటోలో పోయి, మహబూబాబాద్ దాటేసరికి బెర్త్ వాల్చి పడుకుంటే నెల్లూరు, గూడూరు దగ్గర మెలకువ వస్తుంది. పొద్దున తిరుపతిలో దిగితే స్టేషన్ ఎదురుగానే దేవస్థానం వారి విష్ణు నివాసం. ఉచిత దర్శనం టోకెన్లు ఇచ్చే చోట్లలో అదొకటి. బస్టాండు దగ్గర శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్ మిగతావి. టోకెన్ కోసం పొద్దున్నే చేరడం ఎంత ముఖ్యమో ఒకసారి మధ్యాహ్నం పోయి చూసినవాళ్లకు తెలుస్తుంది. విమానంలో పోయినవాళ్లు చేరేది సరిగ్గా ఆ మధ్యాహ్నమే.

మనకు ఏ రైళ్లు? సికింద్రాబాద్ నుంచి వచ్చే పద్మావతి ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణానికి బాగా కుదురుతుంది, కాకపోతే రోజూ ఉందో లేదో తేదీ పెట్టి చూసుకోవాలి. కరీంనగర్ నుంచి పెద్దపల్లి, జమ్మికుంట మీదుగా వచ్చే తిరుపతి ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే. ఢిల్లీ నుంచి వచ్చే కేరళ ఎక్స్‌ప్రెస్ రోజూ వరంగల్‌లో ఆగి, గూడూరు మీదుగా తిరుపతి తాకుతూ పోతుంది. అది దూర ప్రయాణపు రైలు కనుక ఆలస్యానికి కాస్త సిద్ధపడాలి. ఆదిలాబాద్ నుంచి నడిచే కృష్ణా ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది. స్టేషన్లు ఎక్కువ, ప్రయాణం నిదానం. చివరి నిమిషంలో దేంట్లోనూ టికెట్ దొరక్కపోతే అది గుర్తు పెట్టుకోండి.

వందే భారత్ మాట ఒకటి చెప్పాలి. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్ 8న మొదలైంది, ఎనిమిది గంటల పైచిలుకులో చేరుస్తుంది. అది నల్గొండ, గుంటూరు మీదుగా పోతుంది, వరంగల్ రాదు. మన స్టేషన్‌లో ఆగే వందే భారత్‌లు విశాఖ వైపువి. వందే భారత్ అని రాసి ఉంది కదా అని పొరపడి విజయవాడ దాకా పోయి, అక్కడ ఇంకో రైలు కోసం చూసేవాళ్లు ఉన్నారు. రాత్రి నిద్ర వదులుకొని, పగలంతా కుర్చీలో కూర్చోవడానికి మనం సికింద్రాబాద్ దాకా వెనక్కి పోవడం నాకైతే అర్థం లేని పని అనిపిస్తుంది.

టికెట్ వెతికేటప్పుడు తిరుపతి అని మాత్రమే కొట్టి వదిలేయకండి. రేణిగుంట అని కూడా కొట్టి చూడండి. కొన్ని రైళ్లు అక్కడే ఆగి దారి మారతాయి. రేణిగుంట నుంచి తిరుపతి పది కిలోమీటర్లే, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. అలాగే ఎక్కే చోట కాజీపేట, వరంగల్ రెండూ చూడాలి. సికింద్రాబాద్ నుంచి వచ్చేవి కాజీపేట మీదుగానే వస్తాయి గానీ, బల్లార్షా వైపు నుంచి వచ్చేవాటిలో కొన్ని వరంగల్‌లోనే ఆగుతాయి.

స్లీపర్ టికెట్ నాలుగు వందల చుట్టూ, థర్డ్ ఏసీ వెయ్యి చుట్టూ ఉంటుంది. నలుగురి ఇంటికి ఏసీలో రానూపోనూ పోయినా, విమానంలో ఒకవైపు టికెట్ల డబ్బు కూడా కాదు.

అమ్మానాన్నల్ని తీసుకుపోయేవాళ్లు తరచూ విమానం వైపు మొగ్గుతారు, ముసలివాళ్లు కదా అని. నా అభిప్రాయం తిరగేసి ఉంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కారులో మూడు గంటలు, విమానాశ్రయంలో నడక, ఇరుకు సీటు, మళ్లీ టాక్సీ, ఇన్నిసార్లు ఎక్కి దిగడం కంటే ఒక్క లోయర్ బెర్త్ మేలు. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంటుంది, బుక్ చేసేటప్పుడు ఆ కోటా ఎంచుకుంటే చాలు. నడవలేని వాళ్లకు విమానాశ్రయంలో వీల్‌చైర్ ముందే అడిగితే ఇస్తారు, ఆ సౌకర్యం మాత్రం నిజంగా బాగుంటుంది. గుండె జబ్బులాంటివి ఉంటే డాక్టర్ మాట విని తేల్చుకోండి.

కారు: రెండు దారులు, ఒక డ్రైవరు

కారులో పోయేవాళ్లకు ప్రధానంగా రెండు దారులు. ఒకటి వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ మీదుగా ఖమ్మం, అక్కణ్నుంచి విజయవాడ, గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు. రెండోది సూర్యాపేట, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పిడుగురాళ్ల, నరసరావుపేట, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో కలిసేది. ఒంగోలు నుంచి ఇద్దరిదీ ఒకటే దారి: నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట.

నేను రెండోదానికే ఓటేస్తాను. విజయవాడ, గుంటూరు రద్దీ తప్పుతుంది, దూరమూ కొంత తగ్గుతుంది. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు, పాత గుళ్లు, కాసేపు కాళ్లు చాపుకోవడానికి మంచి మజిలీ. కాకపోతే మిర్యాలగూడ బియ్యం లారీలు, దాచేపల్లి చుట్టూ సిమెంటు లారీలు రాత్రి పూట ఎక్కువ. బెజవాడ కనకదుర్గ అమ్మవారి దర్శనం కూడా చేసుకుందామంటే విజయవాడ దారే పట్టాలి మరి. వరంగల్ నుంచి ఖమ్మం మీదుగా విజయవాడకు కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారి పనులు జరుగుతున్నాయి. మంచిర్యాల దగ్గర మొదలయ్యే ఆ రోడ్డు పూర్తిగా తెరుచుకుంటే అప్పుడు విజయవాడ దారే గెలుస్తుంది.

ఏ దారైనా మొదటి నూట ఇరవై, నూట ముప్పై కిలోమీటర్లే ఓపికకు పరీక్ష. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, వడ్లు ఆరబోసిన కాలమైతే సగం రోడ్డు ఉండదు. ఒంగోలు తర్వాత బండి హాయిగా పోతుంది. భోజనానికి, చాయ్‌కి ఆగుతూ పోతే పదకొండు నుంచి పన్నెండు గంటలు పెట్టుకోండి. పది గంటల్లో కొట్టేశామని చెప్పుకునేవాళ్లు దారిలో ఎక్కడ ఎలా నడిపారో చెప్పరు.

రానూపోనూ 1,250 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే బండి అయితే 83 లీటర్ల పెట్రోలు, తొమ్మిది వేల చుట్టూ. టోళ్లు వేరే. ఇద్దరే పోతే దండగ. ఐదుగురు, ఏడుగురు పట్టే బండి నిండా పోతే తల ఒక్కింటికి రైలు ఏసీ టికెట్‌కు దగ్గరగా వచ్చేస్తుంది. పైగా పసిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పోయే కుటుంబాలకు బట్టలు, పాలు, సద్ది డబ్బాలు మోసుకు తిరిగే బాధ ఉండదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, కాణిపాకం, తిరుచానూరు అన్నీ కలిపి చూడాలనుకుంటే కారే సుఖం. శ్రీకాళహస్తి మీ దారిలోనే తగులుతుంది. కొండ మీది దర్శనం మాత్రమే పని అయితే ఈ లాభమేదీ మీకు వర్తించదు.

కిరాయి బండి మాట్లాడుకుంటే దానికి ఆంధ్రప్రదేశ్‌లో తిరిగే పర్మిట్ ఉందా, పన్ను ఎవరు కట్టాలి అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. దారి మధ్యలో తేల్చుకోవడం మర్యాదగా ఉండదు. అలిపిరి దగ్గర ప్రతి బండినీ తనిఖీ చేస్తారు. మద్యం, మాంసం, సిగరెట్లు, గుట్కా పైకి పోనివ్వరు. ఫాస్టాగ్ పని చేస్తోందో లేదో చూసుకోండి. ఎక్కే దారి, దిగే దారి వేరు వేరు. దిగే పాత ఘాట్ 1944 నాటిది, ఎక్కేది 1974 నాటిది. ఇంత లోపల చేరకూడదని కనీస సమయం కూడా పెట్టారు, దిగేటప్పుడు అది ఇంకా ఎక్కువ. అర్ధరాత్రి తర్వాత కొన్ని గంటలు ఘాట్ మూసేస్తారు కనుక రాత్రి ఒంటి గంటకు అలిపిరి చేరేలా ప్లాన్ వేసుకుంటే బండిలోనే పడుకోవాలి.

అన్నింటికంటే పెద్ద విషయం డ్రైవరు. పన్నెండు గంటలు నడిపి, గుండు చేయించుకొని, క్యూలో నిలబడి, నిద్ర లేకుండా అదే రాత్రి తిరుగు ప్రయాణం కట్టేవాళ్ల వార్తలే మనం పేపర్లో చదువుతుంటాం. నడపగలిగేవాళ్లు ఇద్దరు లేకపోతే సొంత కారు ఆలోచన మానుకోండి. ఒక్కరే ఉండి తప్పదనుకుంటే దర్శనం అయ్యాక తిరుపతిలో ఒక రాత్రి గది తీసుకోండి. ఆ గది ఖర్చు కూడా కారు ఖర్చులోనే వేయాలి.

తిరుగు టికెట్ దగ్గరే అసలు చిక్కు

పోయేటప్పుడు ఎంతసేపు పడుతుందో లెక్క వేయొచ్చు. వచ్చేటప్పుడు లెక్క మన చేతిలో ఉండదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ మీద ఉన్న సమయం క్యూలోకి వెళ్లే సమయం, బయటికి వచ్చే సమయం కాదు. మామూలు రోజుల్లో రెండు మూడు గంటల్లో బయటపడొచ్చు, శని ఆదివారాల్లో, వేసవి సెలవుల్లో చెప్పలేం. ఆపైన లడ్డూల క్యూ, చెప్పులు, ఫోన్లు తీసుకోవడం, కొండ దిగడం. అందుకని మధ్యాహ్నం స్లాటు పెట్టుకొని సాయంత్రం విమానం పట్టుకుందామంటే గర్భగుడిలో కూడా కళ్లు వాచీ మీదే ఉంటాయి. పైగా రాత్రి 9 గంటలకు శంషాబాద్‌లో దిగినా హనుమకొండ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

రైలైతే రాత్రి పూటది పెట్టుకోండి. దర్శనానికీ రైలుకూ మధ్య ఎనిమిది గంటలన్నా ఉంచండి. మిగిలితే తిరుచానూరు పోయి రావొచ్చు. పోవడం రైల్లో, రావడం విమానంలో అన్న పద్ధతి కొందరికి నచ్చుతుంది. హైదరాబాద్‌లో ఆగే పని ఉంటే అది బాగానే ఉంటుంది, లేకపోతే దానివల్ల కలిసొచ్చేదేమీ లేదు.

టికెట్లు తీసే వరుస కూడా ముఖ్యం. 300 రూపాయల దర్శనం టికెట్లు దేవస్థానం దాదాపు మూడు నెలల ముందే విడుదల చేస్తుంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. కాబట్టి ముందు దర్శనం తేదీ ఖాయం చేసుకొని, రైలు తేదీని క్యాలెండర్లో గుర్తు పెట్టుకొని, ఆ రోజు పొద్దున 8 గంటలకే కూర్చోవాలి. ముందే విమానం టికెట్ కొనేసి తర్వాత దర్శనం స్లాటు కోసం వెతికితే తలకిందులుగా చేసినట్టే.

వానాకాలం

2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. కాజీపేట–విజయవాడ లైను మూడు నాలుగు రోజులు ఆగిపోయింది. అవే రోజుల్లో హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద కూడా వరద వచ్చి బండ్లు నిలిచిపోయాయి. అలాంటప్పుడు విమానం ఒక్కటే దారి. ఇక నవంబర్, డిసెంబర్‌లో తుపాన్లు వస్తే ఒంగోలు, నెల్లూరు, గూడూరు దారి మొత్తం దెబ్బతింటుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ వైపు రైళ్లు చాలా రద్దయ్యాయి. ఈ నెలల్లో పోయేవాళ్లు రెండు రోజుల ముందు నుంచీ వాతావరణం చూస్తూ ఉండాలి. రైలు రద్దయితే డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది, దర్శనం స్లాటు మాత్రం మళ్లీ దొరకడం కష్టం.

వరంగల్ దాటి పైన ఉన్నవాళ్లకు

ములుగు, భూపాలపల్లి, నర్సంపేట వాళ్లు ఎలాగూ వరంగల్ రావాల్సిందే, రైలు ఎక్కేయండి. కరీంనగర్ వాళ్లకు రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కినా శంషాబాద్ దాకా 200 కిలోమీటర్లు, అంటే మనకంటే ఇంకా ఎక్కువ. వాళ్ల ఊరి నుంచే తిరుపతి రైలు ఉన్న రోజు చూసుకొని పోవడం మేలు, లేని రోజు వరంగల్ దాకా బస్సులో రావచ్చు. నిజామాబాద్ వాళ్లు వరంగల్ వైపు చూడనక్కర్లేదు. వాళ్లకు రాయలసీమ ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, కడప మీదుగా నేరుగా ఉంది. ఆదిలాబాద్ వాళ్లు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో పూర్తి ప్రయాణం చేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఒక పగలూ ఒక రాత్రీ దాదాపు అందులోనే గడుస్తాయి. ఈ పై ఊళ్ల వాళ్లలో విమానం నిజంగా కలిసొచ్చేది వాళ్లకే, అదీ ముందు రోజు హైదరాబాద్ చేరి పడుకుంటే.